కత్తి మీద రెండో చెయ్యి

దస్తగీర్ వస్తున్నాడంటే బండకింది బస్తీలో కత్తిపీటలు మంచాల కిందికి పోయేవి.

ఎవరూ కూడబలుక్కుని చేసిన పని కాదు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. అతను గుమ్మంలో చెప్పులు విడిచేలోపే లోపల ఇనుము నేలకు రాసుకున్న చప్పుడయ్యేది. తర్వాత ఇంటావిడ నవ్వుతూ చాయ్ తెచ్చేది. ఉల్లిగడ్డలు సగం తరిగి పళ్ళెంలో ఉండేవి, తరిగిన కత్తి మాత్రం కనబడేది కాదు. జామకాయ పెడితే పంటితో కొరుక్కోవలసిందే. ఇంత మర్యాదగా, ఇంత ప్రేమగా ఒక మనిషిని అనుమానించడం ఆ బస్తీకే చెల్లింది.

దస్తగీర్ ఆ చప్పుడు వినేవాడు. చాయ్ తాగేవాడు. బాగుందని చెప్పి లేచి వచ్చేవాడు.

అతను కసాబు. తాత కసాబు, తండ్రి కసాబు. మాదాపూర్ వెనక పెద్ద పెద్ద బండరాళ్ళ నీడలో ఉన్న ఆ బస్తీ మొత్తానికి మటన్ దుకాణం ఒక్కటే ఉండేది, రోడ్డు మొదట్లో. రేకుల కప్పు, తాత వేయించిన చింత మొద్దు, ముందర ఒక బల్ల. దాన్ని దస్తగీర్, అతని చిన్నాన్న కొడుకు రజాక్ కలిసి నడిపేవారు. రజాక్‌ది కన్ను, దస్తగీర్‌ది చెయ్యి. మందలో ఏ మేకను పట్టాలో రజాక్ దూరం నుంచే చెప్పేవాడు. పట్టిన దాన్ని దస్తగీర్ కోసేవాడు. అతను కొట్టిన మాంసం తింటుంటే ఎముక పొడి పంటికి తగిలేది కాదు. పెళ్ళిళ్ళకు కూకట్‌పల్లి నుంచి కూడా వచ్చి తీసుకుపోయేవారు.

ఆరేళ్ళ క్రితం ఆ చుట్టుపక్కల భూముల ధరలకు రెక్కలు వచ్చాయి. రజాక్ ఎవరో బ్రోకర్‌తో దుకాణం జాగాకు బేరం మాట్లాడి వచ్చాడు, దస్తగీర్‌కు ఒక్క మాట చెప్పకుండా. ఆ సంగతి దుకాణంలోనే బయటపడింది. దస్తగీర్ చేతిలో కత్తి ఉంది. పక్కన పెట్టి కొట్లాడి ఉంటే చెంపదెబ్బలతో పోయేది. పెట్టలేదు. రజాక్‌కు భుజం మీద ఒక దెబ్బ, కుడి మణికట్టు మీద ఇంకొకటి. ప్రాణం దక్కింది గానీ ఆ చేతి వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. దస్తగీర్‌ను చంచల్‌గూడ జైలుకు పంపారు. బేరం చెదిరిపోయింది, దుకాణం తలుపు తుప్పు పట్టింది. ఒక్క గొడవతో బస్తీకి ఉన్న ఇద్దరు కసాబులూ పోయారు.

నిజం చెప్పాలంటే ఆ బస్తీ చెడ్డది కాదు. దస్తగీర్ లోపల ఉన్నన్నాళ్ళు అతని భార్య జైతూన్ ఇంట్లో పొయ్యి ఆరకుండా బస్తీయే చూసింది. రంజాన్ వస్తే బియ్యం, వానాకాలానికి ముందు ఇంటి మీద కొత్త రేకులు. తొంభై ఎనిమిది చలికాలంలో అతను విడుదలైన రోజున మసీదు కమిటీ పెద్ద సర్వర్ మియా స్వయంగా ఆటో మాట్లాడుకుని జైలు గేటు దగ్గరికి వెళ్ళాడు. నమాజులో భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. ఇఫ్తార్‌లో ఖర్జూరం అతనికే ముందు అందించారు. అన్నీ ఇచ్చారు. కత్తి తప్ప.

*

రంజాన్ పోయాక ఒక ఆదివారం మసీదు వరండాలో కమిటీ కూర్చుంది. సర్వర్ మియా బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఏ సమస్యనైనా పానా పట్టి బిగించవచ్చని అతని నమ్మకం.

"దస్తగీర్, జమాత్ తరఫున నీకు ఒక బండి పెట్టిస్తం. అరటిపండ్లు, సంత్రాలు అమ్ముకో. కోసే పని ఉండదు. తొక్క తీసి తినుడే," అన్నాడు.

"ఎండాకాలం పుచ్చకాయలొస్తయ్ గద చిచ్చా, అప్పుడెట్ల?" అన్నారెవరో వెనక నుంచి. నలుగురు నవ్వారు. నవ్వినవాళ్ళు వెంటనే నేల చూపులు చూశారు.

దస్తగీర్ కూడా నవ్వాడు. తర్వాత అన్నాడు, "నేను కసాబును చిచ్చా. పండ్ల బండి ఎందుకు? మన దుకాణం అట్లనే ఉన్నది. తుప్పు రుద్దితే తెరుచుకుంటది. నేను కోస్త, మీరు కొనుండ్రి. ఇంకేం అడగ."

అటువైపు కొత్త బిల్డింగుల కోసం కొండను పేల్చిన చప్పుడు వినిపించింది. ఆ రోజుల్లో అక్కడ ఎంత గంభీరమైన మాట మధ్యనైనా ఒక కొండ పేలేది.

సర్వర్ మియా గొంతు తగ్గించాడు. "చూడు బేటా. మనిషి మీద లేచిన చెయ్యి అది. ఆ చేత్తో కోస్తే హలాల్ అయితదా? నువ్వే చెప్పు."

అందరూ తలలూపారు. చిన్నప్పటి నుంచి విన్న మాటలా అనిపించింది అందరికీ. నిజానికి ఎవరూ ఎక్కడా వినలేదు. గోడకు అవతలే, మసీదులో నమాజు చేయించే హాఫిజ్ సాబ్ పిల్లలకు పాఠం చెబుతున్నాడు. పిలిచి అడిగితే ఒక్క నిమిషం పని. కానీ అందరికీ తెలిసిన సంగతిని ఎవరు అడుగుతారు?

ఇదే ఆ బస్తీ చేసిన తప్పు. భయం అని ఒప్పుకుంటే సిగ్గు కాబట్టి దానికి మతం పేరు పెట్టుకున్నారు.

దస్తగీర్ వాదించలేదు. "పండ్ల బండి వద్దు. ఇంకెవరికన్న ఇయ్యుండ్రి. నేనైతే కసాబునే," అని లేచాడు. అన్న తీరులో కోపం లేదు, బతిమాలడం అసలే లేదు. ఎత్తు ఎంత అని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

కడుపు మాత్రం ఆగదు కదా. సర్వర్ మియాకు తెలిసిన కాంట్రాక్టరు ఒకతను కొత్తగా తెరిచిన గుండ్రటి అద్దాల బిల్డింగు ముందు గడ్డి పెంచుతున్నాడు. నీళ్ళు పట్టేవాడు కావాలన్నాడు. దస్తగీర్ చేరాడు. మెడలో ఆఫీసు బిళ్ళలు వేసుకున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు లోపలికి వెళుతుంటే, పైపు పట్టుకుని గడ్డిని తడిపేవాడు. మేకలు తినడానికి వీల్లేని గడ్డిని అతను జన్మలో మొదటిసారి చూశాడు.

*

వీల్లేదన్న సంగతి పెంటయ్య మేకలకు తెలియదు.

ఒక ఉదయం మంద మొత్తం రోడ్డు దాటి వచ్చి ఆ పచ్చిక మీద పడింది. సెక్యూరిటీ అతను విజిల్ ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు. వెనక భుజాన గొంగడితో మేకల కాపరి పెంటయ్య, ఏ తొందరా లేకుండా.

"ఎవరయ్యా ఇవి? సాబులు చూస్తే నా ఉద్యోగం పోద్ది," అని అరిచాడు సెక్యూరిటీ అతను.

"పోయినేడు గిదంత మా మ్యాకల జాగనే నాయినా. నువ్వు మొన్నొచ్చినవ్. వాటికింక సెప్పలే," అన్నాడు పెంటయ్య.

దస్తగీర్ పైపు కింద పడేసి మందలోకి వెళ్ళాడు. ముందున్న పోతును దవడ కింద పట్టి, రెండో చెయ్యి వీపు మీద వేశాడు. గింజుకుంటున్న పోతు ఆగి, చెవులు వాల్చి, అతని వెంట నడిచింది. మంద దాని వెంట నడిచింది. సెక్యూరిటీ అతను విజిల్ నోట్లోంచి తీశాడు.

రోడ్డు అవతలకు చేరాక పెంటయ్య అతన్ని పైకీ కిందికీ చూశాడు. "చెయ్యి మర్వలే నువ్వు."

"చెయ్యి మరుస్తదా పెంటన్నా."

"ఇన్నవా, మనుమడు పుట్టిండు. ఐతారం ఇర్వై ఒక్క దినం దావత్. రెండు పోతులు కోస్తున్న. నువ్వొచ్చి హలాల్ జెయ్యాలె."

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అది పాత అలవాటు. ఏ ఇంట్లో దావత్ అయినా కోయడానికి ఒక ముసల్మానును పిలుస్తారు. పిలిచిన వాళ్ళలో ముసల్మానులు కూడా ఉంటారు కాబట్టి, అందరూ ఒకే కుండలోది తినాలి కాబట్టి.

దస్తగీర్ పోతును వదిలాడు. "నేను జైల్లకెళ్ళి వచ్చిన, ఎర్కనే గద?"

"ఎర్కనే. ఊరందరికి ఎర్కనే. నేను జైలుకు పోయొచ్చినోన్ని పిలుస్తలేను, కోసెటోన్ని పిలుస్తున్న. మా నాయిన లగ్గానికి మీ తాత కోసిండు. నా లగ్గానికి మీ నాయిన కోసిండు. ఇప్పుడు నా మనుమనికి నేను కొత్తగూడకు పోయి ఎవన్నో బతిలాడాల్నా?"

"మా బస్తీలోళ్ళు తినరేమో మరి."

"తింటె తింటరు, లేకుంటె పప్పు పోస్త. అది నాకు, వాళ్ళకు నడిమిట్ల ముచ్చట. నువ్వు పొద్దుగాలనే రా."

ఆ సాయంత్రం ఇంట్లో జైతూన్‌కు చెప్పాడు. ఆమె నోరు విప్పితే ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కోపమొస్తే రెండూ. ఆ రోజు రెండూ లేవు. చివరికి అడిగింది. "కత్తి పట్టుకుంటే నీకు ఏమన్న అయితదా? చెయ్యి వణుకుతదా?"

"తెల్వదు. పట్టుకుంటే గని తెల్వదు."

"అయితే పో," అంది జైతూన్.

ఆదివారం పొద్దున పెంటయ్య ఇచ్చిన కత్తి మొద్దుబారి ఉంది. దస్తగీర్ సానరాయి అడిగి, నీళ్ళు చల్లుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా నూరాడు. గోటి మీద ఆనించి చూశాడు. మళ్ళీ నూరాడు. పోతుకు నీళ్ళు తాగించి, ఖిబ్లా వైపు, మక్కా దిక్కుకు తిప్పి పడుకోబెట్టి, కత్తి దాని కంట పడకుండా వెనక్కి పెట్టుకున్నాడు. చెయ్యి వణకలేదు. రెండు పోతులు కోసి, తోలు ఒలిచి, ముక్కలు కొట్టి ఇచ్చేసరికి ఎండెక్కింది. చేతులు కడుక్కుంటుంటే చాలా కాలం తర్వాత ఇల్లు చేరినవాడిలా ఒళ్ళు తేలికపడింది. విడుదలైన రోజున కూడా అతనికి అలా అనిపించలేదు.

*

మధ్యాహ్నం దావత్‌కు బస్తీ పెద్దలంతా వచ్చారు. పెంటయ్య పిలిస్తే రానివాడు లేడు. షామియానా కింద చాపల మీద వరసగా కూర్చున్నారు. సర్వర్ మియా, పక్కన హాఫిజ్ సలాముద్దీన్ సాబ్, ఆ పక్కన కమిటీ వాళ్ళు. హాఫిజ్ సాబ్ మాట తక్కువ మనిషి. తిండి దగ్గర ఇంకా తక్కువ.

సర్వర్ మియా రెండోసారి వడ్డించుకుని ఎముక చప్పరిస్తూ అన్నాడు. "ఏం పెంటయ్యా, ముక్క మంచిగ కొట్టించినవ్. ఎముక పొడి లేదు, ఏం లేదు. ఎన్ని ఏండ్లయింది గిట్ల తిని. ఎవడు కోసిండు?"

"ఇంకెవరు సాబ్, మీ దస్తగిరే," అన్నాడు పెంటయ్య చారు గిన్నె పట్టుకుని ముందుకు నడుస్తూ.

సర్వర్ మియా నోట్లో ఎముక అక్కడే ఆగింది. వరసంతా చేతులు ఆగాయి. ఒకతను మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గలు ఉబ్బించుకుని కూర్చున్నాడు. దస్తగీర్ కొంచెం దూరంలో నీళ్ళ బిందె దగ్గర నిలబడి ఉన్నాడు. తల దించుకోలేదు.

హాఫిజ్ సాబ్ ఒక్కడే నల్లి బొక్కను పళ్ళెం అంచుకు కొట్టి మూలుగు తీసుకుంటున్నాడు.

"హాఫిజ్ సాబ్, ఆపండి, జర ఆపండి," అన్నాడు సర్వర్ మియా.

"ఎందుకు?"

"దస్తగీర్ కోసిండంట."

"విన్న. మంచిగ కోసిండు."

"అది కాదు. మనిషి మీద కత్తి ఎత్తినోడు కోస్తే..."

"కోస్తే?"

"హలాల్ కాదు గద."

హాఫిజ్ సాబ్ బొక్క కింద పెట్టాడు. "ఏ కితాబుల ఉన్నది?"

సర్వర్ మియా కమిటీ వాళ్ళ వైపు చూశాడు, వాళ్ళు పళ్ళేల వైపు చూశారు.

"కోసెటోడు ముసల్మాను కావాలె. హోష్‌ల, తెలివిల ఉండాలె. అల్లా పేరు తీసుకోవాలె. జైలుకు పోయి రావొద్దని నేనైతే ఎక్కడ సదవలే. గునా, తప్పు చేసినోడు కోస్తే తినొద్దంటే సర్వర్ భాయ్, మనం మటన్ తినుడే బంద్ చెయ్యాలె. గునా చెయ్యని కసాబును ఎక్కడ తెస్తం?" ఆగి, అడిగాడు. "ఈ మాట ఎవరు చెప్పిండ్రు మీకు?"

"అందరికీ..." అని ఆగిపోయాడు సర్వర్ మియా. అందరికీ తెలుసు అనబోయాడు.

"నేను గోడ అవతలనే ఉంట. రోజుకు ఐదుసార్లు కనిపిస్త. ఒక్కసారి అడగొద్దా?" అన్నాడు హాఫిజ్ సాబ్. తర్వాత పెంటయ్య వైపు తిరిగి పళ్ళెం చూపించాడు. "ఇంకో రెండు ముక్కలెయ్యి."

బుగ్గలు ఉబ్బించుకున్నతను మింగేశాడు.

*

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. అవలేదు. ఒక సాకు పోతే మనుషులు ఊరుకోరు, ఇంకొకటి వెతుక్కుంటారు. దావత్ నుంచి బస్తీ దాకా నడిచి వచ్చేలోపే రెండోది దొరికింది.

"హలాల్ సంగతి తెలిసింది, సరే. కాని రజాక్ సంగతి ఏంది?" అన్నాడు సర్వర్ మియా, దస్తగీర్‌ను పక్కకు పిలిచి. "బక్రీద్ వస్తున్నది. వాని కండ్ల ముంగట నువ్వు కత్తి పట్టుకొని నిలబడితే వాని దిల్ ఎంత పరేషాన్ అయితది? వాని కోసమన్న ఆగు."

దీంతో ఎవరికీ పేచీ లేకపోయింది. రజాక్ మనసు గురించి బస్తీ అంతా బాధపడింది. ఎలా భరిస్తాడని ఆడవాళ్ళు నిట్టూర్చారు. సర్వర్ మియా బక్రీద్‌కు పట్నం నుంచి కసాబును మాట్లాడి వచ్చాడు.

జైతూన్ రొట్టె కాలుస్తూ అంది. "అందరు రజాక్ తరఫున మాట్లాడుతున్రు. రజాక్‌కు నోరు లేదా?"

"ఉన్నది. నాతోని మాట్లాడతలేడు."

"నువ్వు మాట్లాడినవా?"

దస్తగీర్ రొట్టె తుంచడం ఆపాడు. వచ్చి నెలలు గడిచాయి. రజాక్ ఎదురొస్తే ఇద్దరిలో ఎవరో ఒకరు సందు మారేవారు. ఎక్కువ సార్లు దస్తగీరే మారేవాడు. కత్తిపీటలు దాచుకున్న బస్తీని లోలోపల తిట్టుకున్నాడు గానీ, తాను దాక్కుంటున్న సంగతి అతనికి అప్పుడే తట్టింది.

"తిడితే తిట్టనీ. పోయి అడుగు," అంది జైతూన్.

రజాక్‌కు ఆ అద్దాల బిల్డింగుకు కొంచెం దూరంలో చాయ్ బండి ఉంది. కుడి చేతిని నడుముకు ఆనించుకుని అన్నీ ఎడమ చేత్తోనే చేస్తాడు. గిన్నె ఎత్తి పోయడం, గ్లాసులు కడగడం. దస్తగీర్ వెళ్ళేసరికి బిళ్ళలు వేసుకున్న కుర్రాళ్ళు వరసలో ఉన్నారు. అతనూ వరసలో నిలబడ్డాడు.

వంతు వచ్చింది. రజాక్ తలెత్తాడు. మొహంలో ఏమీ మారలేదు. "చాయా?"

"చాయ్ కాదు. జర మాట్లాడాలె."

"చాయ్ కాకుంటే పక్కకు జరుగు. వెనక మందున్నరు."

దస్తగీర్ పక్కకు జరిగి, గిరాకీ తగ్గేదాకా నిలబడ్డాడు. రజాక్ కావాలనే గ్లాసులన్నీ రెండేసిసార్లు కడిగాడు. ఇక కడగడానికి ఏమీ మిగలలేదు.

"చెప్పు."

"నేను మళ్ళ కోస్తనని అంటే, నీకు బాధైతదని అంటున్రు."

"ఎవరు?"

"అందరు."

"నన్ను ఎవ్వరు అడగలే. ఆరేండ్ల సంది చెయ్యి ఎట్లున్నదని అడుగుతున్రు, గంతే. ఇంకేం అడగరు. చెయ్యి గిట్లనే ఉంటది, ఇంకెట్లుంటది?" రజాక్ స్టవ్ మంట తగ్గించాడు. "నువ్వెందుకొచ్చినవ్, పర్మిషన్ అడగనీకా?"

"నిన్నడగనీకే. నువ్వు వద్దంటే కోయను. ఇంకెవరు వద్దన్న కోస్త."

"నా చెయ్యి పోయింది. నీది గూడ కట్టేస్తే నాది వాపస్ వస్తదా?"

"రజాక్, నన్ను మాఫ్..."

"అది అడగకు," అన్నాడు రజాక్ వెంటనే. గొంతు పెంచలేదు. "అది వేరే ముచ్చట. ఇయ్యాల ఇయ్య. రేపు ఇస్తనో, ఇయ్యనో నాకే తెల్వదు. మొదటి దెబ్బ కోపం. నేను గూడ తప్పు చేసిన, సరే. రెండో దెబ్బ కోపం కాదు. ఎరుకనా?"

"ఎరుకనే. రెండోది కోపం కాదు, నేనే."

ఎవరి నుంచీ అతను ఈ మాట దాచలేదు, కానీ ఎవరికీ చెప్పనూ లేదు. కోర్టులో లాయరు చెప్పొద్దన్నాడు. బస్తీలో ఎవరూ అడగలేదు. రజాక్ అతని మొహంలోకి అప్పుడు చూశాడు, మొదటిసారి సూటిగా.

"దుకాణం తాతది. నీ ఒక్కనిది కాదు, నా ఒక్కనిది కాదు," అన్నాడు. "పోయినేడు బక్రీద్‌కు పట్నంకెళ్ళి ఒక కసాబొచ్చిండు. నా మేకను కోస్తలేడు, రంపం పెట్టి కట్టె కోస్తున్నట్టు చేసిండు. నేను అటు తిరిగి నిలబడ్డ. కసాబు ఖాందాన్‌ల పుట్టి గది చూడాల్నా?" గిన్నెలో కొత్తగా పాలు పోశాడు. "పో ఇగ. గిరాకొస్తున్నది."

అవునన్నాడో కాదన్నాడో దస్తగీర్‌కు తేలలేదు.

*

బక్రీద్ నాడు ఈద్‌గా నుంచి వచ్చాక బస్తీలో ప్రతి గుమ్మం ముందూ ఒక మేక. పట్నం కసాబు అప్పటికే పని మొదలుపెట్టాడు. తొందర మనిషి. ఇంకా నాలుగు బస్తీలకు మాటిచ్చి వచ్చాడు. కత్తి తుడవకుండానే ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి పోతున్నాడు.

దస్తగీర్ లుంగీ పైకి కట్టుకుని తన ఇంటి ముందు ఖాళీ చేతులతో నిలబడ్డాడు. అతనికి సొంత కత్తి కూడా లేదు. పెంటయ్య దావత్‌లో రెండోసారి వడ్డించుకున్నవాళ్ళు అతని ముందు నుంచే పోయారు, ఈద్ ముబారక్ చెప్పి, కౌగిలించుకుని. ఎవరూ మేక మాట ఎత్తలేదు. సర్వర్ మియా అయితే తన మేకను పెరటి దోవన తిప్పుకుపోయాడు. ఇవాళ ఎవరూ పిలవకపోతే ఇక ఎప్పుడూ పిలవరని దస్తగీర్‌కు తెలుసు. జైతూన్ తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఆమె అనలేదు, అతను వెళ్ళలేదు.

సందు మలుపులో రజాక్ కనిపించాడు. ఎడమ చేతిలో మేక తాడు. కుడి చంకలో నూనెగుడ్డ మూట.

సందులో ఉన్నవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. రజాక్ నేరుగా వచ్చి మూటను దస్తగీర్ ముందు అరుగు మీద పెట్టాడు. "విప్పు."

తాత కత్తులు. పెద్దది, తోలు ఒలిచే చిన్నది, ముక్కలు కొట్టేది. ఒక చోట మాత్రం ఖాళీ. అక్కడ ఉండాల్సింది పోలీసులు తీసుకుపోయారు, మళ్ళీ రాలేదు. మిగతావి మరక లేకుండా ఉన్నాయి. ఇన్నేళ్ళూ వీటిని ఎవరు తుడిచారో వేరే చెప్పనక్కర లేదు.

దస్తగీర్ పెద్దదాన్ని గోటి మీద ఆనించాడు. "సాన ఎవరు పట్టిండ్రు?"

"నేనే. ఎడమ చేత్తోని. వంకరుంటే మళ్ళ పట్టుకో."

"వంకర లేదు."

"అయితే కానీ. ఎండైతున్నది."

ఖుర్బానీ ఎవరిది వాళ్ళు తమ చేత్తో ఇవ్వడం మంచిదంటారు. చేతకానివాళ్ళు కసాబుతో కోయించుకుని, కత్తి పట్టిన అతని చేతి మీద తమ చెయ్యి వేస్తారు. ఆ బస్తీలో ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, అందరూ అలాగే చేస్తారు. రజాక్ చెయ్యి పోయినప్పటి నుంచి ఏ కసాబు చేతి మీదా చెయ్యి వేయలేదు. మొహం తిప్పుకుని నిలబడేవాడు.

దస్తగీర్ మేకకు నీళ్ళు పట్టించి పడుకోబెట్టాడు. మోకాలు ఆనించి కత్తి అందుకున్నాడు. తలెత్తలేదు. రజాక్ పక్కన కూర్చోవడం చప్పుడును బట్టి తెలిసింది. ఒక చెయ్యి వచ్చి అతని పిడికిలి మీద పడింది. కుడిచెయ్యి. పట్టు లేని వేళ్ళు, చల్లగా, బరువుగా. ఆ మణికట్టు మీది మచ్చ దస్తగీర్ కళ్ళకు ఎదురుగా ఉంది. ఎడమ చెయ్యి వేసి ఉండవచ్చు రజాక్. వేయలేదు.

ఇద్దరూ బిస్మిల్లా, అల్లాహు అక్బర్ అన్నారు.

ఒక్కటే కోత. రెండోది అవసరం పడలేదు.

మేక కదలడం ఆగేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. తర్వాత రజాక్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "తోలు జాగ్రత్త. పొట్ట కాడ చినగొద్దు," అన్నాడు.

సందులో మొదట కదిలింది సర్వర్ మియా. పెరటి దోవన తిప్పుకుపోయిన మేకను ముందు దోవన తీసుకువచ్చాడు. "దస్తగీర్, జర మాది గూడ చూస్తవా?"

"లైన్ల నిలబడు చిచ్చా," అన్నాడు దస్తగీర్ తోలు ఒలుస్తూ. "ముందుగాల రజాక్ పని కానీ."

*

దుకాణం తలుపు తుప్పు రుద్దితే నిజంగానే తెరుచుకుంది. పొద్దున చాయ్ గిరాకీ మొదలయ్యేలోపు రజాక్ వచ్చి పెంటయ్య మందలోంచి మేకను చూపిస్తాడు. దస్తగీర్ కోస్తాడు. రజాక్ ఒకే షరతు పెట్టాడు. దుకాణంలో మేక ముచ్చట తప్ప ఇంకో ముచ్చట ఉండకూడదు. దస్తగీర్ ఒప్పుకున్నాడు. మాఫీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

బస్తీలో కత్తిపీటలు మంచాల కింది నుంచి ఎప్పుడు బయటికొచ్చాయో ఎవరూ గమనించలేదు. ఒక పొద్దున ఎవరో ఇంటావిడ దుకాణం దాకా నడిచొచ్చి తన కత్తిపీట మొద్దుబారిందని, కాస్త సాన పట్టి ఇమ్మని అతని చేతికే ఇచ్చి పోయింది.

వానాకాలంలో ఇంకొకతను జైలు నుంచి వచ్చాడు. గఫూర్ అని, ఆ చివరి ఇంట్లోవాడు. ఈసారి సర్వర్ మియా పండ్ల బండి ఊసెత్తలేదు. గుమ్మంలో కూర్చోబెట్టి మొదటి మాటే అడిగాడట, నీకేం పనొస్తదని. ఆ తర్వాత సర్వర్ మియా తిన్నగా మటన్ దుకాణానికి వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"ఏమన్నడు చిచ్చా?" అన్నాడు దస్తగీర్.

"తాళాలు చేసుడు, బాగుచేసుడు వస్తదంట. అది తప్ప ఇంకేం రాదంట." సర్వర్ మియా టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "లోపలికి పోయింది గూడ తాళాలు తీసే. ఇగ చెప్పు, ఏం చెయ్యాలె? హాఫిజ్ సాబ్‌ను అడిగిన. తాళం బాగుచేసుడు గునా కాదన్నడు."

"ఎవరింట్ల తీసిండో వాళ్ళను అడిగినవా?"

"అడగలే."

"ముందుగాల వాళ్ళను అడుగు. తర్వాత చూద్దం."

సర్వర్ మియా లేవబోయాడు. దుకాణం వెనక మేకకు ఆకు వేస్తున్న రజాక్ ఇటు తిరగకుండానే అన్నాడు. "మా ఇంటి తాళం ఖరాబై ఏడాదైతున్నది. వాడు ఖాళీగుంటే మా ఇంటికి పంపు."

అది మేక ముచ్చట కాదు. దస్తగీర్ గమనించాడు. కత్తి తుడిచి, తర్వాతి గిరాకీకి ఎంత కావాలో అడిగాడు.